అవార్డు నామినేషన్ ఫారం మూడో పేజీ దాటడం లేదు, ఎవరైనా చెప్పండి

వెల్డ్‌లైన్:
మధ్యాహ్నం రెండింటికి కూర్చున్నాను, ఇప్పుడు రాత్రి ఎనిమిదైంది. మూడో పేజీలో నంబరు కొట్టగానే ఎర్రగా "చెల్లదు" అని వస్తోంది. బ్రౌజర్ మార్చాను, ఫోన్‌లో చూశాను, మధ్యలో గీతలు తీసేసి కొట్టాను, అదే మాట. దానికి తోడు "విశేష కృషి" అన్న చోట 300 పదాలు దాటకూడదట, నేను రాసింది 700 దాటింది. గడువు రేపటితో ఆఖరు. ఇది నా కోసం కాదు, మా సీనియర్ టెక్నీషియన్ గారి కోసం. 22 ఏళ్లుగా వెల్డింగ్ జాయింట్లలో లోపాలు వెతుకుతూ అల్ట్రాసోనిక్ ప్రోబ్ (లోహంలోకి ధ్వని పంపి ఎకో వినే పరికరం) పట్టుకున్న మనిషి. ఆయన పట్టుకున్న ఒక్క డిఫెక్ట్ వల్ల ఏం తప్పిందో దగ్గరుండి చూశాను. ఒక ఫారం దగ్గర ఆగిపోతే చాలా బాధగా ఉంటుంది. ఎలా దాటాలో తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

కప్లెంట్:
ఏ సొసైటీ? ఏ అవార్డు? ఏ నంబరు కొడుతున్నారు?

డార్క్‌రూమ్:
టెక్నీషియన్‌ను నామినేట్ చేస్తున్నారంటే చాలా సంతోషం వెల్డ్‌లైన్ గారూ. మన రంగంలో అవార్డుల వెనక ఉన్న పేర్లు చూడండి, అన్నీ చేతులు మసి చేసుకున్నవాళ్లవే. అమెరికన్ సొసైటీ ఫర్ నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగ్ (ఎన్‌డీటీ, అంటే వస్తువు పాడవకుండా లోపాలు చూసే పరీక్ష) ఇచ్చే గౌరవ ఉపన్యాసాల్లో ఒకటి లెస్టర్ పేరు మీద ఉంది. 1922లో అమెరికా సైన్యపు వాటర్‌టౌన్ ఆర్సెనల్‌లో ఉక్కు పోతలకు (అచ్చుపోసిన భాగాలకు) ఎక్స్‌రేలు తీసినవాడాయన. ఇంకొకటి మెహల్ పేరు మీద. నేవల్ రీసెర్చ్ లాబొరేటరీలో రేడియం గామా కిరణాలతో మందపాటి పోతల లోపల ఏముందో చూసినవాడు. ఆ సొసైటీ 1941లో మొదలైనప్పుడు పేరులోనే రేడియం, ఎక్స్‌రే ఉండేవి. ఫిల్మ్ చదవడం వచ్చినవాళ్లు కట్టుకున్న సంఘం అది. ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్లు ఫిల్మ్ నలుపు కొలత, అంటే డెన్సిటీ, 2 నుంచి 4 మధ్య ఎందుకు ఉండాలో కూడా తెలియకుండా డిజిటల్ ప్యానెల్ ముందు కూర్చుంటున్నారు. అది నన్ను నిజంగా కలవరపెడుతోంది.

లెవెల్‌త్రీ:
ముందు ఒక మాట సరిచేయాలి. "డిఫెక్ట్ పట్టుకున్నారు" అని నామినేషన్‌లో రాస్తే జ్యూరీలో కూర్చున్నవాళ్లు అక్కడే ఆగిపోతారు. తెర మీద కనిపించేది ఇండికేషన్. అది పదార్థంలో నిజంగా ఉన్న తెంపు వల్ల వచ్చిందని తేలాక డిస్‌కంటిన్యూటీ. కోడ్ ఒప్పుకునే హద్దు దాటాకే డిఫెక్ట్. రిపోర్టు రాసేవాళ్లే ఈ మూడింటినీ కలిపేస్తే ఒప్పుకోవాల్సిన జాయింట్‌ను కోసేస్తారు, కోయాల్సిన దాన్ని వదిలేస్తారు.

వెల్డ్‌లైన్:
సర్, అది హద్దు దాటిందే. కోసి తీశారు కూడా. నా ప్రశ్న ఫారం గురించి.

తెలుగుపదం:
చర్చ తెలుగులో జరుగుతోంది కాబట్టి అడుగుతున్నాను. నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగ్‌ను మనం ఏమనాలి? కొందరు "అవినాశక పరీక్ష" అంటారు, ఇంకొందరు "విధ్వంసరహిత పరీక్ష" అంటారు. నాకు మొదటిదే నచ్చుతుంది. విధ్వంసం అంటే ఊళ్లు కూలినట్టు వినిపిస్తుంది. ఇక్కడ మనం చెప్పదలచుకున్నది వస్తువు పాడవకుండా చూడటం అని మాత్రమే.

లెవెల్‌త్రీ:
టెస్టింగ్ అనే మాటే చాలదు. ఇండికేషన్ దొరకడం టెస్టింగ్, దాన్ని తూచి చెప్పడం ఎవాల్యుయేషన్. విమానాల మెయింటెనెన్స్‌లో ఇన్‌స్పెక్షన్ అన్న మాట ఎక్కువ నడుస్తుంది. తెలుగు మాట పెడితే ఈ మూడింటికీ మూడు పెట్టాలి.

కప్లెంట్:
నంబరు. ఏ నంబరు?

వెల్డ్‌లైన్:
క్షమించండి, చెప్పడం మరిచాను. మా జాతీయ సొసైటీ ఇచ్చేది, టెక్నీషియన్ విభాగం. ఫారంలో "నామినీ నంబరు" అని ఉంది. ఆయన లెవెల్ టూ (పరీక్షలు చేసేవాళ్ల అర్హతలో రెండో మెట్టు) సర్టిఫికెట్ మీద ఉన్న నంబరు కొడుతున్నాను. అల్ట్రాసోనిక్‌ది కొట్టాను, తర్వాత రేడియోగ్రఫీది, ఆ తర్వాత పెనెట్రెంట్‌ది (రంగు ద్రవంతో పైకి తెరుచుకున్న పగుళ్లు చూసే పద్ధతి) కూడా.

కప్లెంట్:
అవి సర్టిఫికేషన్ నంబర్లు. అక్కడ అడిగేది సభ్యత్వ నంబరు.

వెల్డ్‌లైన్:
రెండూ ఒకటి కాదా? సర్టిఫికెట్ మీద సొసైటీ ముద్రే ఉంది కదా!

లెవెల్‌త్రీ:
అస్సలు ఒకటి కాదు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 9712 ప్రకారం ఇచ్చేది ఒక స్వతంత్ర సర్టిఫికేషన్ సంస్థ ఇచ్చే పత్రం. అమెరికా సొసైటీ రాసిన ఎస్‌ఎన్‌టీ టీసీ వన్ ఏ ప్రకారమైతే సర్టిఫై చేసేది పనిచేయించుకునే కంపెనీయే, సొసైటీ రాసి పెట్టింది సిఫార్సు మాత్రమే. రెండింట్లోనూ ఆ పత్రం చెప్పేది ఆ మనిషికి ఆ పద్ధతిలో అర్హత ఉందని. సభ్యత్వం వేరే లెక్క, చందా కట్టి సంఘంలో ఉండటం. పరీక్ష రాసిన ప్రతివాళ్లూ సభ్యులు కారు. చాలా అవార్డులకు సభ్యత్వం తప్పనిసరి, కొన్నిటికి అది తెగకుండా కొనసాగుతూ ఉండాలి. నిబంధనల పేజీలో మొదట చూడాల్సింది అదే.

వెల్డ్‌లైన్:
అయ్యో. ఆయనకు సభ్యత్వం ఉందో లేదో నాకు తెలియదు. ఆయనకు చెప్పకుండా చేస్తున్నాను, వచ్చాక చెబుదామని.

కప్లెంట్:
ఇప్పుడే అడగండి. నామినీ ఒప్పుకున్నట్టు సంతకం కూడా చాలాచోట్ల కావాలి.

డార్క్‌రూమ్:
నిజమే, ఫోన్ చేయండి, ఇంకా పెద్దగా పొద్దుపోలేదు. ఈలోగా 300 పదాల సంగతి చూద్దాం. మీరు రాసింది ఇక్కడ పెట్టండి.

వెల్డ్‌లైన్:
మొత్తం పెట్టను, మొదలు ఇలా ఉంది: "అంకితభావానికి, నిబద్ధతకు, క్రమశిక్షణకు మారుపేరైన శ్రీ..." ఇలా ఒక పేజీ వెళ్తుంది.

లెవెల్‌త్రీ:
అది మొత్తం తీసేయండి. ఏం జరిగిందో చెప్పండి.

వెల్డ్‌లైన్:
ఒక ప్రెషర్ వెసెల్ (ఒత్తిడి తట్టుకునే ట్యాంకు), 25 మిల్లీమీటర్ల ప్లేట్, సింగిల్ వీ జాయింట్ (ఒక వైపు నుంచి వీ ఆకారంలో వెల్డ్ చేసేది). రేడియోగ్రాఫ్ (ఎక్స్‌రే ఫిల్మ్) శుభ్రంగా ఉంది, అందరూ సంతకాలు పెట్టేశారు. ఆ వెసెల్‌కు అల్ట్రాసోనిక్ తప్పనిసరి కూడా కాదు. ఈయన మాత్రం బెవెల్ (వెల్డ్ కోసం ప్లేటు అంచుకు ఇచ్చిన వాలు) ఎంత అని అడిగారు. గోడ వాలు 30 డిగ్రీలు అని చెప్పాం. అయితే 60 డిగ్రీల ప్రోబ్ తెమ్మన్నారు. అడుగున తగిలి పైకి లేచే రెండో లెగ్‌లో బీమ్ ఆ గోడకు సరిగ్గా నిలువుగా తగులుతుందని నేలమీద సుద్దతో గీసి చూపించారు. వీ వన్ బ్లాక్ (కొలతలు తెలిసిన ఉక్కు దిమ్మ) మీద క్యాలిబ్రేషన్ చూసుకుని మొదలుపెట్టారు. ఒకచోట ఎకో లేచింది. పక్కకు జరిపితే పడిపోలేదు, అలాగే నడిచింది. ఎకో సగానికి పడిపోయే చోట రెండు వైపులా గుర్తు పెట్టారు, 40 మిల్లీమీటర్లు వచ్చింది. తర్వాత గ్రైండ్ చేసి పెనెట్రెంట్ వేస్తే తెల్లటి డెవలపర్ మీద సన్నటి ఎర్ర గీత తేలింది. ఆయన ఏమీ అనలేదు, గుడ్డతో చేతులు తుడుచుకుని పక్క జాయింట్ దగ్గరికి వెళ్లారు.

డార్క్‌రూమ్:
సైడ్‌వాల్ లాక్ ఆఫ్ ఫ్యూజన్, అంటే వెల్డ్ లోహం ప్లేటు అంచుకు అతకకపోవడం. ఫిల్మ్‌లో ఎందుకు రాలేదో చెప్పొచ్చు. పైనుంచి నిటారుగా కొడితే ఆ అతకని తలం బీమ్‌కు 30 డిగ్రీలు వాలి ఉంటుంది, పైగా రెండు అంచులూ అతుక్కున్నంత దగ్గరగా ఉంటాయి. కిరణం దారిలో లోహం మందం తగ్గినట్టే ఉండదు, ఫిల్మ్ మీద నలుపు తేడా రాదు. ఫిల్మ్ తీసినవాళ్ల తప్పు కాదిది, ఆ పద్ధతికి ఉన్న హద్దు. ఫిల్మ్ వైపు నిలబడే మనిషిని నేను, అయినా చెబుతున్నాను, ఆయన చేసింది గొప్ప పని.

లెవెల్‌త్రీ:
దీన్నే రాయండి, ఒక్క విశేషణం లేకుండా. తర్వాత ఏం మారింది? దొరకడంతో ఆగిపోతే అది ఒక రోజు పని, మంచి పనే అయినా. ప్రొసీజర్ మారిందా?

వెల్డ్‌లైన్:
మారింది. ఆ బెవెల్ ఉన్న జాయింట్లన్నీ రెండు వైపుల నుంచీ 60 డిగ్రీలతో చూడాలని రాతపూర్వకంగా చేర్చారు. దాన్ని రాసిందీ ఆయనే.

లెవెల్‌త్రీ:
అయితే ఆ ప్రొసీజర్ రివిజన్ నంబరు, తేదీ వేయండి. అదే సాక్ష్యం. రెండో పేరాలో ఎంతమంది కొత్తవాళ్లకు నేర్పారో రాయండి. 300 పదాలు సరిపోతాయి, ఇంకా మిగులుతాయి.

డార్క్‌రూమ్:
ఒక జాగ్రత్త. క్లయింటు పేరు, వెసెల్ నంబరు, ఫోటోలు పెట్టొద్దు. కంపెనీ రాసి ఇచ్చిన అనుమతి ఉంటేనే పెట్టండి. మంచి నామినేషన్ ఇక్కడే వెనక్కి రావడం చూశాను.

తెలుగుపదం:
ఇంకో సంగతి. అవార్డుల్లో వ్యాసాలకు ఇచ్చేవి వేరు, పనికి ఇచ్చేవి వేరు అని అందరికీ తెలియదు. బ్రిటిష్ ఎన్‌డీటీ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల హామ్‌షా అవార్డు ఇన్‌సైట్ పత్రికలో వచ్చిన రేడియోగ్రఫీ వ్యాసానికి. అమెరికా సొసైటీలో లూ డివలేరియో పేరు మీద ఉన్నది మాత్రం టెక్నీషియన్‌కే. వ్యాసం రాయని మనిషిని వ్యాసాల విభాగంలో వేసి, రాలేదని బాధపడేవాళ్లున్నారు. ఈయన విభాగం సరిగ్గానే ఎంచుకున్నారు. ఇక "అవినాశక" గురించి ఎవరూ ఏమీ అనలేదు.

లెవెల్‌త్రీ:
"అవినాశ" అంటే నాశనం లేనిదని అర్థం వస్తుంది. పరీక్షకే నాశనం లేదన్నట్టు ఉంటుంది. ఎన్‌డీటీ అనే రాద్దాం, షాపులో అందరూ అదే అంటారు.

తెలుగుపదం:
"అవినాశి" అంటే మీరన్న అర్థం వస్తుంది. "అవినాశక" అంటే నాశనం చేయనిది. ప్రత్యయం చూడండి.

వెల్డ్‌లైన్:
ఫోన్ చేశాను. మొదట వద్దన్నారు. తర్వాత ఆగమని చెప్పి పర్సులోంచి పాత కార్డు తీసి చదివారు. జీవిత సభ్యత్వమట, ఎప్పుడో తీసుకున్నారు. ఆ నంబరు కొట్టగానే పేజీ దాటింది. కృషి 260 పదాల్లో అయిపోయింది. అనుమతి లేఖ కోసం మేనేజర్ గారికి మెసేజ్ పెట్టాను, ఇంకా చూడలేదు. అందరికీ థాంక్స్.

కప్లెంట్:
నామినేట్ చేసేవాళ్ల సభ్యత్వ నంబరు కూడా నాలుగో పేజీలో అడుగుతారు. మీకుందా?