నెపోలియన్ నిజంగా పొట్టోడేనా, కార్టూన్ల వల్ల అలా పేరు పడిందా?

అట్లాస్‌బాబు:
మావాడి స్కూల్ ప్రాజెక్టు కోసం బొమ్మలు వెతుకుతుంటే ఒకటి దొరికిందండీ, భూగోళాన్ని ప్లేట్లో పెట్టుకుని ఇద్దరు కత్తులతో కోసుకుంటున్నారు, ఒకాయన సన్నగా పొడుగ్గా ఉన్నాడు, ఎదురుగా నెపోలియన్, ఈకలున్న పెద్ద టోపీ, చెయ్యి అందక కుర్చీలోంచి సగం లేచి మరీ కోస్తున్నాడు. ఎవరు గీశారు? ఆయన అంత పొట్టా?

రాగిరేకు:
జేమ్స్ గిల్‌రే అండీ, లండన్, 1805 ఫిబ్రవరి. ఆ సన్నటాయన అప్పటి బ్రిటన్ ప్రధాని పిట్. ఆ జనవరిలోనే నెపోలియన్ బ్రిటన్ రాజు మూడో జార్జ్‌కి సంధి చేసుకుందాం అని లెటర్ రాశాడు, దాని మీద వెటకారం అన్నమాట. ప్లేట్లో భూగోళాన్ని ప్లమ్ పుడ్డింగ్‌లా గీశాడు, అది ఇంగ్లిష్ వాళ్ళ గుండ్రటి స్వీటు. నెపోలియన్ యూరప్ ముక్క కోసుకుంటుంటే పిట్ సముద్రం లాక్కుంటున్నాడు, జూమ్ చేసి చూడండి, పెద్ద ముక్క పిట్‌దే!

చరిత్రచిట్టి:
పొట్టి అన్నది చాలావరకు గిల్‌రే పుణ్యమే. 5 అడుగుల 2 అంగుళాలు అని రాసింది ఫ్రెంచ్ కొలతలో, వాళ్ళ అంగుళం ఇంగ్లిష్ అంగుళం కంటే పెద్దది, మన లెక్కలో దాదాపు 168 సెంటీమీటర్లు, ఆ రోజుల్లో అదేం తక్కువ కాదు. 1803లో బ్రిటన్, ఫ్రాన్స్ మధ్య యుద్ధం మళ్ళీ మొదలయ్యాక గిల్‌రే నెపోలియన్‌ని 'లిటిల్ బోనీ' (బుల్లి బోనపార్ట్) అని బుడ్డోణ్ణి చేసి వదిలాడు, ఒకదాంట్లో అయితే జార్జ్ రాజు అరచేతిలో నిలబెట్టుకుని భూతద్దంలా దుర్బిణీ పెట్టి చూస్తుంటాడు. అయితే గిల్‌రేని మరీ నెత్తినెత్తుకోకండి, 1797 నుంచి సర్కారు దగ్గర గుట్టుగా ఏడాదికి 200 పౌండ్ల పెన్షన్ తీసుకున్నాడు.

రాగిరేకు:
తీసుకున్నాడు, కాదనను. కానీ తిండి పెట్టిన పిట్‌కే పెద్ద ముక్క ఇచ్చి దొంగని చేశాడుగా 😄 పైగా ఈ బొమ్మలు అచ్చేసే పని చూడండి, రాగిరేకు మీద మైనం పూసి సూదితో గీకి యాసిడ్ పోయాలి, అక్షరాలన్నీ అద్దంలోలా తిరగరాయాలి, రంగులేమో ఒక్కో కాగితానికి చేత్తోనే. హన్నా హంఫ్రీ అనే ఆవిడ షాపులో అమ్మేవాళ్ళు, ఈయన ఉండేది ఆ షాపు పైనే, కొనలేని జనం కిటికీ దగ్గర గుంపుగా నిలబడి చూసి నవ్వుకుని పోయేవాళ్ళు. పాపం గిల్‌రేకి చివర్లో మతి చెడింది, 1815 జూన్ 1న పోయాడు, నెపోలియన్ చివరిగా ఓడిపోయిన వాటర్లూ యుద్ధం జూన్ 18న.

అట్లాస్‌బాబు:
అయ్యో, 17 రోజుల్లో మిస్సయ్యాడా. థాంక్స్ అండీ ఇద్దరికీ. మావాడు 168 అని వినగానే నన్ను కిందనుంచి పైదాకా చూసి 'నాన్నా, నీకంటే పొడుగే' అన్నాడు.