హార్లెక్విన్ల మొగాలు బూడిద వూసినట్టు తెల్లగైనయ్, వార్నిష్ కొట్టినంకనే, జర చెప్పుండ్రి

మిర్యాలగూడ_మినీ:
అన్నలూ ఎవరన్న మేల్కొని ఉంటే చెప్పుండ్రి, రాత్రి రెండైతుంది ఇంకా టేబుల్ కాన్నే కూసున్న. మూడు వారాలు పట్టి వార్‌హామర్ 40కే అనే టేబుల్ ఆటల హార్లెక్విన్ ట్రూప్ (మాస్కులేసుకున్న ఆటగాళ్ళ జట్టు) డబ్బాల ఆరు చిన్న బొమ్మలకు రంగులేసిన, ప్లస్ ఒక సాలిటేర్ (ఒంటరిగ ఉండే హార్లెక్విన్). కాళ్ళ మీద డైమండ్లు, మాస్కుల మీద నవ్వు, కన్నీటి చుక్క, అన్నీ సన్న బ్రష్ తోని కండ్లు వోయేదాంక గీసిన. ఇయ్యాల రంగు ఊడకుండ మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ స్ప్రే కొట్టినంక పది నిమిషాలల్ల అన్ని మొగాలు పాలిపోయినయ్. నల్లది బూడిదైంది, ఎర్రది గులాబైంది, మాస్కు మీద నవ్వే కనవడ్తలేదు. తడిగుడ్డతోని తుడ్సిన, హెయిర్ డ్రయ్యర్ వెట్టిన, ఇంకో కోటింగ్ గుడ కొట్టిన, ఇంకింత తెల్లగైనయ్. డబ్బా మీద రాసినట్టే జేసిన, తప్పేం లేదు. ఆదివారం నల్లగొండల గేమ్ ఉన్నది. ఏం జేయాలె??

డైస్_దొర:
యాడ కొట్టినవ్. కంపెనీ ప్లాస్టికా 3డి ప్రింటా. ఫొటో పెట్టు.

తెలుగు_పంతులు:
ముందుగా ఒక మాట బాబూ. అందరూ హార్లెక్విన్ హార్లెక్విన్ అంటున్నారు గానీ మనకు కోణంగి అనే చక్కటి మాట ఉంది. వీధి భాగోతంలో పొడుగు టోపీ పెట్టుకుని రాజును కూడా వెక్కిరించే వాడు కోణంగి. ఆ హార్లెక్విన్ కూడా అలాంటి వాడే, 16వ శతాబ్దంలో ఇటలీ వీధి నాటకాల్లో నల్ల మాస్కు వేసుకుని వచ్చే పనివాడు, బీదవాడు కాబట్టి అతుకుల బట్టలు, ఆ అతుకులే పోనుపోను డైమండ్ గళ్ళయ్యాయి. మా చిన్నప్పుడు అచ్చంపేట వైపు చిందు భాగోతం వస్తే తెల్లవార్లూ చూసేవాళ్ళం, వాళ్ళు మాస్కు పెట్టరు, మొఖానికి అర్దళం పూసుకుంటారు, పెట్రోమాక్స్ వెలుగులో ఆ పసుపు మెరుస్తుంటే చూడాలి. ఇక పీర్ల పండుగకు పులివేషం సంగతైతే...

డైస్_దొర:
సార్, ఆయన అడిగింది వార్నిష్ గురించి.

తెలుగు_పంతులు:
నేనూ రంగు గురించే చెబుతున్నాను కదా.

చేనేత_బిడ్డ:
తమ్మీ డైమండ్లు ఎట్ల గీసినవ్ ముందు అది చెప్పు. అందరు చేసే తప్పు ఏందంటే ఒక్కొక్క డైమండ్ ఇడిగ గీస్తరు, తొడ కాడ పెద్దగ మోకాలు కాడ వంకరగ వస్తది. మాది పుట్టపాక, ఇంట్ల మగ్గం ఉంటుండె, మేం చిటికి కట్టేటప్పుడు (రంగు అంటకుండ దారానికి ముళ్ళేసుడు) డైమండ్ ఎవ్వరం గీయం, లెక్క గీస్తం. దారాలు ఇన్ని వదిలి ఇన్ని కట్టాలె అని, నేసినంక డైమండ్ దానంతట అదే లేస్తది. తేలియా రుమాల్ అనే ఇక్కత్ గుడ్డ అయితే పడుగు పేక రెండు దిక్కులా కట్టాలె, ఎరుపు నలుపు తెలుపు, దారం నూనెల బూడిదల నానాలె, అందుకే తేలియా అన్నరు, 2020ల దానికి జీఐ (ఆ ఊరి సరుకే అనే సర్కారు గుర్తింపు) గుడ వచ్చింది. బొమ్మ మీద గుడ గంతే. కాలు నడిమిట్ల పైనుంచి కిందికి ఒక గీత, పల్చటి రంగుతోని. తర్వాత ఏటవాలు గీతలు ఒక దిక్కుకే అన్నీ, అయినంక ఎదురు దిక్కు. నడుం కాడ దగ్గరగ, తొడ కాడ దూరంగ. అప్పుడు ఒకటి వదిలి ఒకటి నింపు. అంచు మరీ కత్తి లెక్క గీయకు, ఇక్కత్‌ల అంచు జర చెదిరితేనే అందం, లేకుంటె అచ్చేసిన చీర లెక్కుంటది. మా అమ్మ ఆసు వోసి వోసి (దారం వరసగ చుట్టి చుట్టి) భుజం పట్టుకపోయింది గనీ ఇప్పటికీ గీత చూసి లెక్క చెప్తది.

మిర్యాలగూడ_మినీ:
అక్కా నా డైమండ్లు మంచిగనే వచ్చినయ్, అవి కనవడ్తలేవు అంటున్న!! ప్లాస్టిక్ అన్నా, ప్రింట్ కాదు, డబ్బా ఖాళీ గుడ ఉన్నది చూపిస్త. ఫొటో తీస్తే ఫోన్ల ఇంకా తెల్లగ వస్తుంది, తెల్వది నాకు. నూనె రాస్తే పోతదని ఎవలో చెప్పిండ్రు నిజమేనా?

పాత_కోడెక్స్:
నిజం చెప్పాలంటే అవి బొమ్మలు గావు తమ్మీ, కథ తెలుసుకొని రంగేస్తేనే న్యాయం. హార్లెక్విన్లంటే ఆ ఆట కథల ఎల్దారి అనే జాతిల నవ్వుల దేవుడు సెగొరాక్ భక్తులు, ఆట ఆడుడు యుద్ధం జేసుడు వాళ్ళకు ఒక్కటే. ఎల్దారి పతనం కథనే డాన్స్ లెక్క ఆడ్తరు, అండ్ల స్లానెష్ (వాళ్ళ ప్రాణాలు మింగే చెడ్డ దేవత) పాత్ర ఒక్క సాలిటేరే వెయ్యాలె, వాని ప్రాణం గుడ చివరికి దానికే రాసి ఉన్నది, నవ్వుల దేవుడు మాయ జేసి గెలిపిస్తే తప్ప. అందుకే వాడు ఎవ్వలతోని కలవడు. వాళ్ళు ఏసుకున్న హోలో సూట్ కదిలినప్పుడు మనిషిని రంగు ముక్కలు ముక్కలుగ చెదరగొడ్తది, డైమండ్లు అందుకు. 2022ల వాళ్ళ కోడెక్స్ (ఆ సైన్యం రూల్సు పుస్తకం) తీసి ఎల్దారి పుస్తకంల కలిపిండ్రు, 2015ల వచ్చిన సొంత పుస్తకం చూస్తే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతది.

డైస్_దొర:
వార్నిష్.

గద్వాల్_గ్లాస్:
నూనె ఆగు, తర్వాత చెప్త. మిర్యాలగూడ తమ్మీ, రెండు రకాల తెలుపు ఉంటది, ముందు నీది ఏదో చూడాలె. ఒకటి మసక, మంచు వట్టినట్టు, ముట్టుకుంటె నున్నగనే ఉంటది. రెండోది గరుకు, ఇసుక చల్లినట్టు, గోరు పెడ్తే తగుల్తది. ఒక బొమ్మ తీసుకొని మాస్కు మీద వేలు తడిజేసి ఒక చుక్క నీళ్ళు వెట్టు. తడున్నంత సేపు అసలు రంగు కనవడిందా లేదా చెప్పు. ఇంకో సంగతి, డబ్బా ఎంత సేపు ఊపినవ్? మ్యాట్ వార్నిష్‌ల మెరుపు చంపే పొడి అడుగుకు దిగుతది, రెండు నిమిషాలన్న ఊపకుంటె గడ్డలు గడ్డలుగ వచ్చి తెల్లగ కూసుంటది.

మిర్యాలగూడ_మినీ:
మస్తు ఊపిన అన్నా, చెయ్యి గుంజింది. నీళ్ళు వెడ్తే రంగు వచ్చింది!! మళ్ళ ఆరినంక పోయింది. ఆరుగురు నున్నగనే ఉన్నరు. సాలిటేర్ ఒక్కడు మాత్రం గరుకు. వాణ్ణి ముందే మధ్యాహ్నం డాబా మీద కొట్టిన, వాడు మంచిగ రాలేదనే మిగిలినోళ్ళను సాయంత్రం రూంల కొట్టిన.

గద్వాల్_గ్లాస్:
మే నెల మిట్ట మధ్యాహ్నం డాబా మీదనా. ఆ ఎండకు చుక్క బొమ్మ మీద వడకముందే గాలిల ఆరిపోతది, పొడి లెక్క వచ్చి అతుక్కుంటది, అది గరుకు. అది వేరే రోగం. రూంల ఆరుగురిది మసక, అది తేమ. రూంల తేమ యాడికెళ్ళి వచ్చింది? వాన వడ్డదా మీకాడ?

మిర్యాలగూడ_మినీ:
వాన ఏడిది అన్నా, గాలికి చెట్టు ఆకు గుడ కదుల్తలేదు.

డైస్_దొర:
రూంల ఏమేమున్నయ్.

మిర్యాలగూడ_మినీ:
ఏముంటయ్, మంచం, టేబుల్, బీరువా, కూలర్.

డైస్_దొర:
కూలర్ నడుస్తుండెనా.

మిర్యాలగూడ_మినీ:
నడవకుంటె ఎట్ల అన్నా మిర్యాలగూడల మే నెల, కిటికీలు గుడ మూసిన దుమ్ము వడ్తదని

డైస్_దొర:
బంద్ జెయ్.

గద్వాల్_గ్లాస్:
ఆఁ, దొరికింది. ఇది ముందే చెప్తే రాత్రి రెండింటి దాంక కూసోకపోతుంటివి. కూలర్ అంటే గడ్డి మ్యాట్లు నీళ్ళల తడిపి ఆ తడి గాలి రూంలకు కొట్టుడే, కిటికీ మూస్తే ఆ తేమ యాడికీ వోదు. స్ప్రే కొట్టేటప్పుడు డబ్బా చేతిల సల్లగైతది గద, బొమ్మ మీద వడ్డ తడి గుడ గట్లనే ఆరుకుంట సల్లగైతది, ఫ్రిజ్‌ల తీసిన బాటిల్‌కు చెమట వట్టినట్టు గాలిల తేమ దాని మీద దిగి పొరల ఇరుక్కుంటది. అదే నీ తెలుపు. డ్రయ్యర్ వెట్టినా పోదు, పొర గట్టివడ్డది. రెండో కోటింగ్ అదే రూంల కొట్టినవ్ గాబట్టి ఇంకింతైంది.

హాలియా_హెల్త్:
అసలు తలుపులు మూసిన రూంల స్ప్రే కొడ్తరా ఎవరన్న? ఆ వాసన ఊపిరితిత్తులకు ఎంత ప్రమాదం, డబ్బాల గ్యాస్ మండే గ్యాస్, పక్కన అగరుబత్తి ఉంటే ఏంగావాలె? ఇంట్ల పిల్లలున్నరా? మాస్కు పెట్టుకున్నరా?

పాత_కోడెక్స్:
బొమ్మలు పెట్టుకున్నయ్ ఆయన పెట్టుకోలే

హాలియా_హెల్త్:
నవ్వులాట గాదన్నా, ప్రాణం సంగతి ఇది.

తెలుగు_పంతులు:
మాస్కు, ముసుగు ఒకటి కావు అని కూడా ఇక్కడ చెప్పాలి. ఒకరు నాకు మెసేజ్ పెట్టి ముసుగు వీరులు అనొచ్చు కదా అన్నారు. ముసుగు అంటే కప్పేది, దొంగ వేసుకునేది. వీళ్ళ మాస్కు కప్పడానికి కాదు కదా, చూపించడానికి. అందుకని వేషం అనాలి. వేషధారులు.

పాత_కోడెక్స్:
వేషధారి అంటే తిట్టు లెక్క ఉంటది పంతులూ, మా వనపర్తిల వేషాలేస్తున్నవా అంటే కొట్లాటే. అయినా వాళ్ళ మాస్కులు మొగం మారుస్తయ్, ఎదుటోనికి వాని భయమే కనవడ్తది. షాడోసీర్ (వాళ్ళల మాయలు జేసేటోడు) మాస్కుకైతే ముక్కు కండ్లు ఏమీ ఉండవు, అద్దం లెక్క ఉంటది. దాన్ని ఏమంటవ్?

తెలుగు_పంతులు:
అద్దపు కోణంగి.

డైస్_దొర:
😐

మిర్యాలగూడ_మినీ:
అరే నా బొమ్మలు సంగతి?? గ్లాస్ అన్నా ఇప్పుడేం జేయాలె, మళ్ళ అంతా కడుగుడేనా? మూడు వారాలు అన్నా. కొబ్బరినూనె ఉన్నది ఇంట్ల

గద్వాల్_గ్లాస్:
కడుగకు. ఆరుగురికి గ్లాస్ (మెరిసే) వార్నిష్ తేపో, స్ప్రే కాదు, బ్రష్‌తోని పూసేది, నీళ్ళల కలిసేది. బొమ్మ పూర్తిగ ఆరినంక పల్చటి పొర వెయ్యి, డైమండ్ల సందులల్ల నిలవనియ్యకు, నిలిస్తే బ్రష్ తుడ్సి తీసెయ్. నీళ్ళ చుక్క వెడ్తే రంగు వచ్చింది గద, అదే పని ఇది శాశ్వతంగ జేస్తది, మసక పొరల సందులు నిండి మళ్ళ లోపలి రంగు కనవడ్తది. ఒక రోజు ఆరనిచ్చి తర్వాత మ్యాట్ గుడ బ్రష్‌తోనే, బట్టల మీద మాత్రమే. మాస్కులు మెరుపుతోనే వదిలెయ్, నేనైతే కావాలనే గట్ల వదుల్త, పింగాణి లెక్క కనవడ్తది. సాలిటేర్ మీద గరుకు పోదు, మెత్తటి టూత్‌బ్రష్‌తోని పొడిగ రుద్ది చూడు, కాకపోతే రంగు తీసుడే.

చేనేత_బిడ్డ:
కొబ్బరినూనె గుడ పని జేస్తది, మా తమ్ముడు జేసిండు ఒకసారి, దూదికి కొంచెం ముంచి తుడిస్తే నల్లగ తిరిగొచ్చింది.

గద్వాల్_గ్లాస్:
వస్తది అక్కా గనీ దాని మీద మళ్ళ వార్నిష్ వట్టదు, జిడ్డు. ఆట ఆడే బొమ్మకు వార్నిష్ లేకుంటె వేళ్ళకు రంగు ఊడొస్తది. షోకేస్‌ల పెట్టేటోళ్ళకు సరే.

చేనేత_బిడ్డ:
దారానికి నూనె ఎక్కిచ్చినంకనే రంగు గట్టిగ వట్టేది మాకాడ. నూనె అంటే తప్పేం గాదు.

గద్వాల్_గ్లాస్:
దారం వేరు ప్లాస్టిక్ వేరు అక్కా.

చేనేత_బిడ్డ:
సరే.

పాలమూరు_ఎయిర్:
ఇంత లొల్లి ఎందుకు, ఏసీ పెట్టించుకో తమ్మీ, ఏసీ గాలి పొడిగ ఉంటది

డైస్_దొర:
బొమ్మకు ఏసీ.

హాలియా_హెల్త్:
ఏసీ రూంల అయితే ఇంకా కిటికీలు తెరవరు!! దయచేసి బయట కొట్టుండ్రి.

గద్వాల్_గ్లాస్:
బయటనే, గనీ పొద్దుగాల ఆరు ఏడు గంటలకు, డాబా మీద నీడున్న దిక్కు. వాన మొదలైనంక స్ప్రే ముట్టుకోకు, బ్రష్‌తోనే పూయి. ముందు ఒక పాత బొమ్మ మీదనో ప్లాస్టిక్ చెంచా మీదనో కొట్టి పావుగంట చూసి అప్పుడు అసలుది కొట్టు. నేను ఒక మొత్తం స్క్వాడ్ పోగొట్టుకొని నేర్చుకున్న, నవంబర్ పొద్దుగాల మంచుల కొట్టిన.

పాత_కోడెక్స్:
సాలిటేర్‌కు రంగు తీయాల్సొస్తే డెటాల్ల నానవెట్టు, రాత్రంతా. తీసినంక నీళ్ళు పొయ్యకు వెంటనే, బంక లెక్క అతుక్కుంటది, ముందు డెటాల్‌తోనే బ్రష్ కొట్టి కడిగి అప్పుడు సబ్బు నీళ్ళు. ప్లాస్టిక్‌కు ఏంగాదు. వాసనకు ఇంట్లోళ్ళు దవాఖాన తెరిచినవా అని అడుగుతరు, తయారుండు.

తెలుగు_పంతులు:
సాలిటేర్‌కు ఏకాకి అనొచ్చు.

పాత_కోడెక్స్:
ఇది ఒప్పుకుంట పంతులూ. మంచిగున్నది.

తెలుగు_పంతులు:
ధన్యవాదాలు. హార్లెక్విన్లలోనే ఉండే డెత్ జెస్టర్ గురించి ఆలోచిస్తున్నాను. పుర్రె మాస్కు కదా, కపాల కోణంగి అంటే ఎలా ఉంటుంది?

పాత_కోడెక్స్:
వాడు పిరంగి వట్టుకుంటడు, భయం వెయ్యాలె పేరు వింటె. కోణంగి అంటే నవ్వొస్తది.

తెలుగు_పంతులు:
నవ్వు రావాలనే కదా ఆయన పని.

మిర్యాలగూడ_మినీ:
లేటైంది సారీ, నాలుగు రోజులు తిరిగిన. గ్లాస్ పూసిన, నలుగురు మంచిగైనరు, ఒకనికి కాలు దగ్గర జర మసక ఉన్నది అయినా పర్లే, ఒకని మాస్కు సందుల గ్లాస్ నిలిచి కంట్ల నీళ్ళు వెట్టుకున్నట్టైంది, చూస్తే గదే బాగున్నది వదిలేసిన. ఏకాకి డెటాల్ల ఉన్నడు. గేమ్ ఓడిపోయిన, రెండో టర్న్‌లనే. థాంక్స్ అన్నలకు. ఇంకోటి, ప్రైమర్ (రంగుకు ముందు కొట్టే పూత) గుడ స్ప్రేనే గద దానికి గుడ కూలర్ బంద్ జేయాల్నా?

డైస్_దొర:
ఆఁ.

చేనేత_బిడ్డ:
ఇప్పుడన్న ఫొటో పెట్టు తమ్మీ, డైమండ్లు చూస్త.