తోకపిగిలిపిట్ట: పిగిలా, పికిలా?

సత్యనారాయణపురం లక్ష్మి: "తోకపిగిలిపిట్ట తోకయే బరువాయె". మా మేనత్త నోట విన్న ముక్క ఇది. తర్వాతి పాదం ఎంత గింజుకున్నా రావడం లేదు. వేమనది అనుకుందామంటే మకుటం విన్న గుర్తు లేదు. మొన్న కొండపల్లి అడవిలో ఆ పిట్టను చూశాను. తెల్లటి ఒళ్లు, నల్లటి తల, రిబ్బన్లలాంటి తోక. అప్పట్నించీ ఇదే తొలుస్తోంది. మిగతా పద్యం ఎవరికైనా వచ్చా?

అరండల్‌పేట అవధాని: ఆటవెలది. తోక, పిగిలి, పిట్ట: మూడూ సూర్యగణాలు. తోకయే ర గణం, బరువాయె సలం. యతి తో-తో. ఇంత శుభ్రంగా కుదిరిందంటే నోటికొచ్చిన మాట కాదు, తెలిసినవాడెవడో కూర్చాడు. అయితే అమ్మా, అది 'పిగిలి' కాదు, 'పికిలి'. మీ మేనత్తగారి నోట మెత్తబడి ఉంటుంది.

బ్రాడీపేట నాలుగో లైను: పికిలి ఎక్కణ్ణించి తెచ్చారండీ? మా ఇంట్లో మూడు తరాలుగా పిగిలిపిట్టే. చీర పిగిలింది అంటాం చూడండి, ఆ పిగులే ఇది. మామూలు పిగిలిపిట్ట, అదే బుల్‌బుల్, తోక మొదట్లో కింద చూడండి, చర్మం పిగిలి నెత్తురు కనబడ్డట్టు ఎర్రగా ఉంటుంది. గకారం తీసేస్తే పేరుకు అర్థమే లేదు.

అరండల్‌పేట అవధాని: అర్థం బాగుందని వ్యుత్పత్తి నిజమైపోదు నాయనా.

మొగల్రాజపురం దుర్భిణి: నాలుగో లైను అన్న ఊహ మరీ కొట్టిపారేసేది కాదు. శ్రీలంక పిగిలి ఉపజాతికి శాస్త్రనామం ఇప్పటికీ 'హెమరూసస్', నెత్తురు ఓడేది అనే. జాతి పేరు 'కాఫర్' మాత్రం శుద్ధ తప్పు. లిన్నేయస్ 1766లో అది ఆఫ్రికా కొస నుంచి వచ్చిందనుకుని పెట్టాడు. అక్కడ ఆ పిట్టే లేదు, పేరు మాత్రం తీసెయ్యడానికి వీల్లేక అలాగే ఉండిపోయింది.

గవర్నరుపేట పాత పుస్తకాలు: కన్నడంలో బుల్‌బుల్‌ను పికళార అంటారు. కకారం! మన 'పిగులు' నుంచి పుట్టినదైతే వాళ్లకు క ఎలా వచ్చింది?

బ్రాడీపేట నాలుగో లైను: వాళ్లు మన దగ్గర తీసుకుని గట్టిపరుచుకున్నారేమో. దేశ్యపదాల్లో రెండచ్చుల మధ్య ఒంటి కకారం గకారం కావడమే మామూలు. గకారం కకారం కావడం ఎక్కడైనా చూశారా?

అరండల్‌పేట అవధాని: ఒంటి కకారం గకారం అయిపోతుందన్నారు గదా. మరి అదే పేరులో ముందున్న 'తోక' తోగ ఎందుకు కాలేదో సెలవివ్వండి.

గవర్నరుపేట పాత పుస్తకాలు: ఎందుకంటే అది తోక కాదు మాస్టారూ, తోఁక. అరసున్న ఉంది. మేఁక, రోఁకలి, ఆఁకలి వరసే. సున్న అడ్డంగా కూర్చుంది కనక క చెక్కుచెదరలేదు. ఇంకో సాక్ష్యం. జెర్డన్ అని నెల్లూరులో సర్జనుగా పనిచేసిన ఆయన 1862-64 మధ్య మూడు సంపుటాల్లో ఈ దేశపు పక్షుల్ని రాశాడు, తెలుగు పేర్లతో సహా. ఈ పిట్ట దగ్గర ఇంగ్లీషు లిపిలో ఆయన రాసింది 'తోక' కాదు, మధ్యలో నకారం పెట్టి 'టోంక'. అంటే అప్పటికి ఆ ముక్కుపలుకు ఎవరి నోట్లోనో బతికే ఉంది. పిగిలి దగ్గర మాత్రం గకారమే రాశాడు.

బ్రాడీపేట నాలుగో లైను: గకారమే రాశాడు! అందరూ గమనించాలి.

అరండల్‌పేట అవధాని: "దీర్ఘంబుమీఁద సాధ్యపూర్ణంబు లేదు." చిన్నయసూరి. అంటే దీర్ఘం మీద అరసున్న నిండుసున్న కాదు. తోంక అనే రూపం చెల్లదు.

గవర్నరుపేట పాత పుస్తకాలు: సూరిగారి బాలవ్యాకరణం 1858. జెర్డన్‌కు పేర్లు చెప్పిన పిట్టలవాళ్లు అది చదివి చెప్పలేదు కదండీ.

సత్యనారాయణపురం లక్ష్మి: ఛందస్సును బట్టి తేల్చలేమా?

అరండల్‌పేట అవధాని: లేమమ్మా. కి అయినా గి అయినా మూడు లఘువులే. తోక, తోంక రెండూ గలమే. ఆ అక్షరం మీద యతో ప్రాసో పడితే తప్ప పద్యం సాక్ష్యం చెప్పదు. మీరు అడిగారు గనక రెండో పాదం నేనే పూరిస్తున్నాను: "ఈగ వెంటఁ బడిన యెగురలేక". ఈ-ఎ యతి చూసుకోండి.

గవర్నరుపేట పాత పుస్తకాలు: 'పడిన' ఇక్కడ చేదర్థకం, 'పడితే' అని. చివర నకారం ఉన్న ద్రుతాంతం. యడాగమం ఎలా వచ్చింది? 'పడిన నెగురలేక' కావాలి.

మొగల్రాజపురం దుర్భిణి: వ్యాకరణం కుదిరినా విషయం కుదరదు మాస్టారూ. ఆ తోక మగదానికి రెండు మూడేళ్లు నిండితే గాని రాదు. వచ్చాక ఆ తోకతోనే గాలిలో మెలికలు తిరిగి పురుగుల్ని పడుతుంది. ఎగురలేకపోవడమేమిటి? ఇంకో మాట, దాన్ని పిగిలి అనడమే వేషం చూసి మోసపోవడం. తల మీద జుట్టు ఉంది గనక మనం పిగిలి అన్నాం, హిందీవాళ్లు షా బుల్‌బుల్ అన్నారు. లిన్నేయస్ 1758లో కార్వస్ అన్నాడు, అంటే కాకుల్లో కలిపాడు. తర్వాత ఈగపట్టు పిట్టల కుటుంబం మస్సికాపిడేలో వేశారు. కొమ్మ మీంచి లేచి, పురుగును ముక్కున కరిచి మళ్లీ కొమ్మకొచ్చే ప్రతి చిన్న పిట్టనూ అందులోనే కుక్కారు. డీఎన్‌ఏ చూడ్డం మొదలయ్యాక ఆ కుటుంబం విడిపోయింది. తోకపిగిలి మొనార్కిడేకు పోయింది. తోకను విసనకర్రలా విప్పి గెంతే దాసరిపిట్ట రిపిడ్యురిడేకు పోయింది. ఈ రెండూ, చీలిన తోక నల్లపిట్ట ఏట్రింతా కాకులకు దగ్గర చుట్టాలట! లిన్నేయస్ ఏం చూసి అన్నాడో గాని మరీ దూరం పోలేదు. అసలు ఈగపట్టు కుటుంబంలో టికెల్ నీలిపిట్ట మిగిలింది, దాని పక్కన వచ్చి చేరిందెవరయ్యా అంటే మన నల్లంచి (ఇండియన్ రాబిన్), పెద్ద నల్లంచి (మ్యాగ్‌పై రాబిన్). వాటిని నిన్నమొన్నటిదాకా థ్రష్‌లలో లెక్కేసేవాళ్లు. అమెరికాలో 'ఫ్లైక్యాచర్' అన్న అదే ఇంగ్లీషు పేరుతో నాలుగు వందల పైచిలుకు జాతులున్నాయి, వాటికీ వీటికీ దగ్గర బంధుత్వమే లేదు.

సత్యనారాయణపురం లక్ష్మి: అయితే ఎర్రటిది ఆడది, తెల్లటిది మగది అన్న మాట?

మొగల్రాజపురం దుర్భిణి: కాదండీ. మగవాటిలోనే ఎర్రవీ తెల్లవీ రెండూ ఉంటాయి. ఆడది ఎర్రగానే ఉంటుంది, పొడుగు తోక ఉండదు.

గవర్నరుపేట పాత పుస్తకాలు: వేషం చూసి మోసపోవడం అంటే ఆముక్తమాల్యదలో రాయలవారి "తలఁ బక్షచ్ఛట గ్రుక్కి" పద్యం తర్వాతే ఏదైనా. రెక్కల్లో తలలు దూర్చి కాలవల్లో నిద్రపోయే బాతులు, వాటిని చూసి స్నానాలు చేసిపోయిన బ్రాహ్మలు మరచిన తడిబట్టల ఉండలనుకునే తలారులు, ఇళ్లకు చేరుద్దామని వీళ్లు దిగితే అవి తుర్రుమనడం, వరిచేల కాపు ఆడవాళ్ల నవ్వు! శ్రీవిల్లిపుత్తూరు అని చెప్పాడు గాని ఆ కాలవలు కృష్ణ ఒడ్డువే అని నా నమ్మకం. ఆ కావ్యం రాయమని రాయలకు కల వచ్చింది మన కృష్ణాజిల్లా శ్రీకాకుళంలోనే గదా.

బ్రాడీపేట నాలుగో లైను: కల మీ జిల్లాలో వస్తే కాలవలు కూడా మీవేనా? కొండవీడు గెలిచింది 1515లో, మా వరిచేలు చూసే వెళ్లాడు. అయినా పిట్టల మాట వస్తే మా వినుకొండ జాషువాగారిని దాటి పోలేరు.

అరండల్‌పేట అవధాని: గబ్బిలం పిట్ట కాదు.

బ్రాడీపేట నాలుగో లైను: అందుకే గదండీ దాన్ని ఎంచుకున్నది! హంసలూ మేఘాలూ గొప్పవాళ్ల విరహానికి తిరిగాయి. గుళ్లో తలకిందులుగా వేలాడే దానికి చెబితేనే అంటరానివాడి మొర అడ్డులేకుండా శివుడి చెవిన పడే వీలుంటుంది. పిట్టో మృగమో తేలకపోవడమే దాని అర్హత. 1941లో అచ్చయిన కావ్యం, ఇప్పటికీ చదువుతుంటే గొంతు పట్టేస్తుంది.

అరండల్‌పేట అవధాని: ఆ మాటకు ఎదురు లేదు. పికిలి మాత్రం పికిలే.

పెదకాకాని రైతుబిడ్డ: పెద్దలు ఏట్రింత పేరెత్తారు కాబట్టి అడుగుతున్నా. దాన్ని పసులపోలిగాడు అంటారు కదా. గొడ్ల మీదెక్కి తిరుగుతుంది గనక పసుల సరే. ఈ పోలిగాడెవడు?

గవర్నరుపేట పాత పుస్తకాలు: పోలేరమ్మ పేరు పెట్టుకున్న పోలిగాడు. పసులకాపరి కుర్రాడి పేరు పిట్టకు పెట్టారు.

బ్రాడీపేట నాలుగో లైను: దీర్ఘం ఎందుకు? హ్రస్వం అయితే పొలి, జాతరలో చల్లే పొలి. గొడ్డు నడుస్తుంటే లేచే పురుగులే దాని పొలి.

అరండల్‌పేట అవధాని: మళ్లీ మొదలెట్టారూ! పొలిగాడు అనే సమాసం ఎక్కడైనా చూపించండి ముందు.