నానమ్మ డబ్బాలో వెండి రూపాయలు: అమ్మాలా, దాచాలా?

ఓరుగల్లు_వాసి
పోయిన నెల మా నానమ్మ కాలం చేసింది. ఆమె ట్రంకు పెట్టెలో పాత పాలపొడి డబ్బా ఒకటి దొరికింది. అందులో విక్టోరియా, ఎడ్వర్డ్, జార్జి బొమ్మల రూపాయలు 31, చార్మినార్ బొమ్మ ఉన్నవి 9, గుప్పెడు చిల్లు కాణీలు. రెండు రూపాయలకు కొక్కేలు అతికించి ఉన్నాయి. వెండి కొట్టాయన తూకం వేసి, తరుగు తీసేసి వెండి రేటు ఇస్తానన్నాడు. ఇంకెవరో ఫోన్ చేసి ఒక్కోటి లక్షలు పలుకుతుందన్నారు. ఎవర్ని నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది. అన్నీ నల్లబడ్డాయి, చింతపండుతో తోమి ఫొటోలు పెడతాను. ఇంకొన్ని కొని పెట్టుబడిగా దాచితే లాభమేనా?

హాలీసిక్కా
దయచేసి తోమకండి. మొదట్లో నేనూ ఒక 1862 విక్టోరియా రూపాయిని తోముడు పొడి పెట్టి తళతళలాడించాను. భూతద్దం కింద చూస్తే రాణి చెంప మీద వెంట్రుకల్లాంటి గీతలు, వందల కొద్దీ. అంతకు ముందు వారమే మంచి ధర చెప్పిన ఆయన దాన్ని చూసి, ఇక వెండి లెక్కే అన్నాడు. ఏళ్ల తరబడి పట్టిన ఆ నలుపే నాణేన్ని ఎవరూ గీకలేదనడానికి సాక్ష్యం. అంచులతో పట్టుకోండి. మెత్తటి ప్లాస్టిక్ సంచుల్లో వేస్తే కొన్నాళ్లకు పచ్చటి జిగురు పడుతుంది. అట్ట ఫ్రేములు తెచ్చుకోండి.

ఇక నిజాం రాజ్యపు చార్మినార్ రూపాయి. మీ నానమ్మ కాలంలో దాన్ని హాలీ సిక్కా అనేవారు, బ్రిటిష్ రూపాయిని కల్దార్ అనేవారు. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు మారకం. చార్మినార్ గుమ్మం లోపల ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది, చూడండి. మీమ్ అయితే మహబూబ్ అలీ పాషా కాలం, ఐన్ అయితే ఉస్మాన్ అలీ ఖాన్ కాలం. ఉస్మాన్ అలీ ఖాన్ తొలి రోజుల నాణేల్లో ఆ ఐన్ సగమే కనిపిస్తుంది. అది ఉంటే విడిగా తీసి పెట్టండి.

బందరు_కాసు
పెట్టుబడి అన్నారు కాబట్టి లెక్క చెబుతాను. కల్దార్ రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో దాదాపు 10.69 గ్రాములు వెండి. హాలీ రూపాయి 11.18 గ్రాములు, వెండి 81.8 శాతమే. 1940 నుంచి బ్రిటిష్ రూపాయిలో వెండి సగానికి పడిపోయింది, 1947 రూపాయిలో ఉన్నది నికెల్. కాబట్టి మీ డబ్బాకు కనీస విలువ ఆ లోహమే. దాని పైన వచ్చేదంతా సంవత్సరం, టంకశాల, అరుగుదల చూసి వచ్చేది. కొక్కెం అతికించిన వాటికి ఆ పై ధర దాదాపు పోయినట్టే.

పన్నెండేళ్ల కిందట నేను ఇరవై మామూలు జార్జి రూపాయలు, ఇంకో అంతే డబ్బు పెట్టి అరగని కల్దార్ ఒకటి కొన్నాను. ఇరవై నాణేలూ వెండితో పాటే పెరిగి, వెండితో పాటే తగ్గాయి. ఆ ఒక్కదాని కోసం మాత్రం ఇప్పటికీ అడుగుతున్నారు. అయినా నాణెం బంగారం లాంటిది కాదు, పొద్దున అవసరమొస్తే సాయంత్రానికి అమ్ముడుపోదు. వేలంలో పెడితే కమీషన్ పోతుంది, నెలలు ఆగాలి. పిల్లల ఫీజు డబ్బు ఇందులో పెట్టకండి.

అన్నట్టు, జార్జి రూపాయల్లో 1911 ఉందేమో చూడండి. రాజు అంగీ మీది ఏనుగు పందిలా ఉందని గొడవ అయ్యి, చాలావరకు వెనక్కి తీసుకుని కరిగించారు.

గోదారి_గట్టు
లక్షలన్న ఆ ఫోన్ మళ్లీ ఎత్తకండి అన్నా. ముందు రిజిస్ట్రేషన్ ఫీజంటారు, తర్వాత జీఎస్టీ అంటారు. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి పాత నాణేలకు కమీషన్లు, పన్నులు అడుగుతున్నారని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రజలను హెచ్చరించింది. మా బాబాయి ఇంకో గోతిలో పడ్డాడు. దగ్గర పెడితే బియ్యం గింజల్ని లాగే మహిమ ఉందని, 1818 ఈస్టిండియా కంపెనీ వారిదని చెప్పి రాముడి బొమ్మ ఉన్న రాగి బిళ్ళ అంటగట్టారు. 80 వేలు పోయాయి. కంపెనీ అలాంటి నాణెం వేయనే లేదు. ఆయన అవమానంతో రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు, పోలీసుల దగ్గరకూ వెళ్లలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పెద్దవాగు
ఒక విన్నపం. వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువు. అమెరికాలో ఉన్న తమ్ముడికని సూట్‌కేసులో పెట్టి పంపకండి, అనుమతి లేనిదే దేశం దాటించకూడదు. పొలం దున్నుతుంటే నాణేల కుండ దొరికితే కలెక్టరుకు చెప్పాలని 1878 నుంచే చట్టం ఉంది. గోబద, నారన అనే ప్రాచీన రాజులు మనకు తెలిసింది గోదావరి ఒడ్డున కోటిలింగాల ఊళ్లో దొరికిన నాణేల వల్లే. అవీ ఎవరికి వారు కంసాలికి అమ్ముకుని ఉంటే ఆ పేర్లు మూసలోనే కరిగిపోయేవి. కొనేటప్పుడు కూడా ఎక్కడ దొరికిందో చెప్పని నాణెం నేను ముట్టుకోను.

ఓరుగల్లు_వాసి
అందరికీ నమస్కారాలు. చింతపండు జోలికి పోలేదు. 1911 లేదు. ఆదివారం నాన్నా నేనూ కూర్చుని ఒక్కోటీ తూచాం. ఒక విక్టోరియా 9 గ్రాములే తూగింది, అంచు మీద పోత అతుకు కూడా కనబడుతోంది, నకిలీయే అనుకుంటున్నాం. చార్మినార్ తొమ్మిదింటిలో ఏడు ఐన్, రెండు మీమ్. సగం ఐన్ ఏమైనా ఉందేమో తేల్చుకోలేకపోతున్నాం, రేపు వెలుతురులో ఫొటోలు తీసి పెడతాను, హాలీసిక్కా గారు చూసి చెప్పాలి. చిల్లు కాణీల్లో ఒకదానికి నల్ల దారం ముక్క ఇంకా ఉంది. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని, చిన్నప్పుడు తన మొలతాడుకు కట్టింది ఇదే అన్నాడు. కొక్కేల రూపాయలు రెండూ, ఆ కాణీ అమ్మడం లేదు.