అప్‌డేట్: మిర్యాలగూడలో గ్రో లైట్లకు విడిగా లైను లాగించాం

మిర్యాలగూడలోని మా ఇంటి పై గదిలో మిరప, టమాటా నారు పెంచేందుకు 600 వాట్ల ఎల్‌ఈడీ గ్రో లైట్లు (ఎండకు బదులు మొక్కలకు వెలుగునిచ్చే దీపాలు) నాలుగు పెడితే పాత వైరింగ్ తట్టుకుంటుందా అని ఇంతకుముందు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

నాలుగూ కలిపి 2,400 వాట్లు, అంటే 230 వోల్టుల వద్ద సుమారు 10.4 ఆంపియర్లు. గంటల తరబడి ఆగకుండా వెలిగే లోడు కాబట్టి 16 ఆంపియర్ల సర్క్యూట్‌లో 80 శాతం, అంటే 12.8 ఆంపియర్లు దాటకూడదన్న మీ సలహానే ప్రమాణంగా తీసుకున్నాం. ఎలక్ట్రీషియన్ పాత స్విచ్ బోర్డు విప్పి చూపించినప్పుడు, ప్లగ్ పాయింటుకు వచ్చిన సన్నని వైరు తొడుగు స్క్రూ దగ్గర గోధుమ రంగుకు తిరిగి, వేలితో తాకితేనే పెళుసుగా రాలింది. దాని జోలికి పోకుండా, మెయిన్ బోర్డు నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో కొత్త లైను లాగించి, లైట్ల డ్రైవర్లు (ఎల్‌ఈడీలకు తగిన కరెంటు అందించే పరికరాలు) లైట్లు వెలిగే క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి కనుక ఆ క్షణానికి పడిపోని సి రకం 16 ఆంపియర్ల ఎంసీబీని (లోడు మితిమీరితే సరఫరా ఆపే స్విచ్), దానితోపాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీని (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) పెట్టించాం. నీళ్లు చల్లే గదిలో ఆర్‌సీసీబీకి, మంచి ఎర్తింగ్‌కు ఖర్చు తగ్గించుకోవడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

బిల్లుపై మంజూరైన లోడు (విద్యుత్ సంస్థ మా ఇంటికి అనుమతించిన వాడకం) 2 కిలోవాట్లే ఉంది. ఇంట్లో మోటారు, ఫ్రిజ్ కూడా నడుస్తాయి కనుక 5 కిలోవాట్లకు పెంచాలని దరఖాస్తు చేశాం. అది వచ్చేవరకు రెండు లైట్లే, మోటారు వేయని వేళల్లో మాత్రమే వెలిగిస్తున్నాం.