అప్‌డేట్: లినక్స్‌లో నా హోమ్ ఫోల్డర్ మొత్తాన్ని గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే టూల్) పెట్టొచ్చా అని అడిగాను కదా

పాత డెస్క్‌టాప్, కొత్త ల్యాప్‌టాప్ రెండింట్లో ఒకే సెట్టింగులు ఉండాలని అప్పుడు అడిగాను. హోమ్‌లోనే గిట్ ఇనిట్ కొట్టి దాన్నే రిపో (గిట్ చూసుకునే ఫోల్డర్) చేయొద్దు, విడిగా డాట్‌ఫైల్స్ (సెట్టింగుల ఫైళ్లు) ఫోల్డర్ పెట్టుకుని, అక్కడి నుంచి హోమ్‌లోకి లింకులు వేసే గ్నూ స్టో అనే టూల్ వాడమని చాలామంది చెప్పారు. అలాగే చేశాను. అసలు ఫైళ్లు ఆ ఫోల్డర్‌లో ఉంటాయి, హోమ్‌లో వాటికి సిమ్‌లింకులు (అసలు ఫైల్‌ను చూపించే షార్ట్‌కట్‌లు) మాత్రమే.

ల్యాప్‌టాప్‌లో మాత్రం కాస్త కంగారు పడ్డాను. అక్కడ ముందే ఒక బాష్‌ఆర్‌సీ (టెర్మినల్ సెట్టింగుల ఫైల్) ఉండటంతో స్టో ముందుకు కదల్లేదు. అడాప్ట్ ఆప్షన్ ఇస్తే పనైపోయింది, కానీ టెర్మినల్‌లో ప్రాంప్ట్ (కమాండ్ టైప్ చేసే చోట కనిపించే లైన్) చూస్తే నాది కాదు! ఆ ఆప్షన్ హోమ్‌లో ఉన్న ఫైల్‌నే రిపోలోకి లాగేస్తుందట. అంటే నా ఫైల్ పోయి, డిస్ట్రో (నేను వాడే లినక్స్ రకం) ఇచ్చిన డిఫాల్ట్ ఫైల్ వచ్చి కూర్చుంది. అదృష్టం, అంతకుముందే కమిట్ చేశాను (అంటే గిట్‌లో సేవ్ చేశాను). గిట్ డిఫ్‌లో తేడా చూసుకుని, గిట్ రిస్టోర్ కొట్టగానే నాది తిరిగొచ్చింది.

ఇంకో తప్పు కూడా చేశాను, ఇది పూర్తిగా నాదే. కాన్ఫిగ్ ఫోల్డర్‌ను గంపగుత్తగా పుష్ చేస్తే (ఆన్‌లైన్ రిపోకి పంపితే) అందులో ఒక యాక్సెస్ టోకెన్ (పాస్‌వర్డ్ లాంటి రహస్య కోడ్) కూడా వెళ్లిపోయింది. ఫైల్ తీసేసి మళ్లీ కమిట్ చేసినా హిస్టరీలో అది అలాగే ఉంటుంది. అందుకే ముందు టోకెన్‌నే రద్దు చేశాను, తర్వాత ఫిల్టర్-రిపో అనే టూల్‌తో హిస్టరీ శుభ్రం చేశాను. ఇప్పుడు గిట్‌లో చేర్చే గిట్ యాడ్ కమాండ్ ఒక్కో ఫైల్‌కే.

రెండు మెషీన్లకూ తేడా ఉండాల్సినవి ఒక లోకల్ ఫైల్‌లో పెట్టాను. అది ఉంటే చదవమని బాష్‌ఆర్‌సీ చివర ఒక లైన్ చాలింది. మానిటర్ స్కేలింగ్ (తెరపై అక్షరాలు, బొమ్మల సైజు) సంగతి ఇంకా తేలలేదు.