స్ప్లంక్‌కు ఉష్ణోగ్రత లాగ్‌లు: ఫార్వర్డరా, హెచ్‌టీటీపీ ఈవెంట్ కలెక్టరా?

నమస్కారం. ఒంగోలు దగ్గర రొయ్యల శీతల గిడ్డంగిలో కంప్యూటర్ల బాధ్యత నాది. గదుల ఉష్ణోగ్రతలను ఒక విండోస్ యంత్రం రోజుకో సీఎస్‌వీ ఫైలులో రాస్తుంది. అవి హైదరాబాదులోని స్ప్లంక్‌కు (లాగ్‌లను ఒకచోట చేర్చి వెతికే సాఫ్ట్‌వేర్‌కు) చేరాలి.

తుపాను రోజుల్లో ఇక్కడ కరెంటూ ఇంటర్నెట్టూ కలిసే పోతాయి. కొనుగోలుదారులు పట్టుబట్టి అడిగేది సరిగ్గా ఆ గంటల అంకెలనే, ఒక్కటీ పోకూడదు. యూనివర్సల్ ఫార్వర్డర్ (ఫైళ్లను చదివి స్ప్లంక్‌కు పంపే ప్రోగ్రాం) ఎంతవరకు చదివిందో గుర్తుంచుకుంటుంది కాబట్టి నా మొగ్గు దానివైపే. సహోద్యోగి హెచ్‌టీటీపీ ఈవెంట్ కలెక్టర్ (స్క్రిప్టు నుంచి నేరుగా వెబ్ ద్వారా స్ప్లంక్‌కు పంపే మార్గం) అంటున్నారు. అందులో లైను లేనప్పుడు దాచి మళ్లీ పంపే పని మన స్క్రిప్టుదే కదా?

అసలు సందేహం ఇది. ప్రతి ఫైలూ ఒకే పొడవాటి శీర్షిక వరుసతో మొదలవుతుంది. ఫార్వర్డర్ మొదటి 256 బైట్లనే పోల్చి, కొత్త ఫైలును పాతదనుకొని వదిలేస్తుందా? ఆ పొడవు పెంచాలా, సీఆర్‌సీ సాల్ట్ (ఆ పోలికలో ఫైలు పేరునూ కలిపే అమరిక) పెట్టాలా? రెండోది పెడితే, పేరు మార్చిన ఫైళ్లు మళ్లీ ఎక్కుతాయేమోనని భయం. అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.